పశువుల ఈసుడు రోగం – పాడిరైతు కీళ్ళు, కండరాలు

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పాలసంఘాల సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



మేము మీ ముందుకు వచ్చినప్పుడల్లా వెన్న శాతం గురించో, పచ్చిమేత గురించో, పొదుగువాపు గురించో మాట్లాడతామని మీకు తెలుసు. ఈ పూట పశువు సంగతి కొంత, మనిషి సంగతి ఎక్కువ. గొడ్ల చావడిలో పుట్టి, ఆ గొడ్డును చూసుకునే మనిషి నడుములోకి, తుంటిలోకి, మోకాలిలోకి చేరే జబ్బు ఒకటి ఉంది. పశువుకు వచ్చినప్పుడు దాన్ని మనవాళ్ళు ఈసుడు రోగం అంటారు. డాక్టర్లు బ్రూసెల్లోసిస్ అంటారు. అదే మనిషికి వచ్చినప్పుడు మన పల్లెల్లో దానికి పేరే లేదు. పేరు లేని జబ్బును డాక్టరు దగ్గర చెప్పుకోవడం కష్టం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాము.

ముందుగా ఒక మాట. కీళ్ళనొప్పులన్నీ ఇదేనని బెదిరిపోవద్దు. మన మెట్ట ప్రాంతంలో నడుమునొప్పి లేని ఇల్లు ఉందా? బిందెలు మోసిన నొప్పులు, గడ్డిమోపులు ఎత్తిన నొప్పులు, వయసు మీదపడ్డ నొప్పులు, వీటిదే పెద్ద భాగం. సూక్ష్మక్రిమి కీలులో చేరి వచ్చే జబ్బు వాటితో పోలిస్తే అరుదు. అది పక్కనున్న కండరంలోకి పాకి చీము పట్టడం మరీ అరుదు. అయితే అరుదైన జబ్బుతో ఒక చిక్కుంది. ఎవరూ దాన్ని తలచుకోరు కనుక నెలల తరబడి ఒంట్లో నిమ్మళంగా కూర్చుంటుంది. మనిషిని పాడుచేసేది ఆ జాగే.

జబ్బు నడిచే తీరు

సాయంత్రం పూట ఒళ్ళు వేడెక్కుతుంది. రాత్రి చెమటలు పట్టి పంచె, దుప్పటి తడిసిపోతాయి. తెల్లారేసరికి మనిషి తేలికపడి పాలు పితకడానికి లేస్తాడు. ఆకలి ఉండదు. ఒళ్ళంతా నలగగొట్టినట్టు ఉంటుంది. కీళ్ళు ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ పీకుతాయి. కొన్నాళ్ళు ఇలా ఉండి జ్వరం పోతుంది, పోయిందనుకుంటాము, మళ్ళీ వస్తుంది. అలలాగా లేచి పడుతుంది కనుకనే పూర్వం దొరలు దీన్ని అలల జ్వరం అన్నారు.

క్రిమి ఒంట్లో చేరిన తర్వాత సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలలో జ్వరం మొదలవుతుంది. కొందరిలో కొన్ని నెలలు పడుతుంది. అప్పటికి బర్రె ఈసుకుపోయిన సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. ఆ బర్రెకూ ఈ జ్వరానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టకపోవడానికి కారణం అదే. ఊళ్ళో ఇంజక్షను వేయించుకుంటారు, జ్వరం కొద్దిగా దిగుతుంది. టైఫాయిడు అని కొన్నాళ్ళు, మలేరియా అని కొన్నాళ్ళు, వాతం అని కొన్నాళ్ళు గడుస్తాయి.

ఈ జబ్బు తెచ్చే చిక్కులన్నిటిలో ఎక్కువగా కనిపించేది ఎముకలకు, కీళ్ళకు పట్టేదే. నడుము కింద, పిరుదుల పైభాగాన, వెన్ను తుంటి ఎముకతో కలిసే చోట రెండు పక్కలా రెండు కీళ్ళు ఉన్నాయి. పై శరీరం బరువు కాళ్ళకు దిగేది వాటి మీదుగానే. వయసులో ఉన్నవారిలో ఈ క్రిమి ఎక్కువగా పట్టేది అక్కడ. ఒక పక్క పిరుదులో నొప్పి పట్టి మనిషి కుంటుతాడు. పడకలో పక్కకు తిరగలేడు. పాలు పితకడానికి గొంతుకూర్చున్నవాడు లేవడానికి గుంజను పట్టుకుంటాడు. నలభై, యాభై దాటినవారిలో నడుము వెన్నుపూసలకు పట్టడం ఎక్కువ. పిల్లలలో మోకాలు, తుంటి కీలు వాస్తాయి. మొదటి వారాలలో ఎక్స్‌రే తీసినా ఏమీ కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని నొప్పి అబద్ధం కాదు.

ఇక కండరం సంగతి. మేకను కోసేటప్పుడు చూసినవారికి తెలుసు, వెన్నుపూసలకు లోపలి వైపున అటొకటి ఇటొకటి పొడుగాటి మెత్తని కండ ఉంటుంది. మనిషికీ ఉంది. నడుము పూసల దగ్గర మొదలై, గజ్జ కిందుగా దిగి, తొడ ఎముక పైభాగాన అతుక్కుంటుంది. మెట్టు ఎక్కేటప్పుడు మోకాలు పైకి లేపేది ఈ కండే. డాక్టర్లు సోయాస్ కండరం అంటారు. వెన్నుపూసలో క్రిమి ముదిరితే ఒక్కొక్కప్పుడు చీము పక్కనున్న ఈ కండరంలోకి దిగుతుంది. కండరానికి చుట్టూ ఒర లాంటి పొర ఉంటుంది గదా, చీము ఆ ఒరలోనే జారి గజ్జ దాకా వస్తుంది. జబ్బు నడుములో ఉంటే గడ్డ గజ్జలో తేలుతుందన్నమాట.

అటువంటి మనిషిని చూడగానే గుర్తుపట్టవచ్చు. ముందుకు వంగి నడుస్తాడు. పడుకుంటే ఆ పక్క మోకాలు మడిచే పెట్టుకుంటాడు. కాలు చాపి వెనక్కు లాగితే అరుస్తాడు. గజ్జలో గడ్డ చూసి ఇంట్లోవాళ్ళు బిళ్ళ కట్టిందంటారు, కొందరు హెర్నియా అంటారు. ఆకు పసరు కడతారు, వాత పెడతారు, తైలం రాసి గట్టిగా తోమిస్తారు. దయచేసి ఈ మూడు పనులూ చేయవద్దు. మంగలి కత్తితో గడ్డ కోయించడం మరీ ప్రమాదం. ఆ చీము మూలం లోపల వెన్నులో ఉంది, బయట కోసినందువల్ల అది ఎండదు, పైగా వేరే క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. ఆసుపత్రిలో స్కానింగు చూస్తూ సూదితో గానీ సన్నని గొట్టంతో గానీ చీము తీస్తారు, దానికి తోడు మందులు నెలల పాటు వాడిస్తారు.

చీము పట్టని కండరానికి కూడా నష్టం లేకపోలేదు. నొప్పికి భయపడి రెండు మూడు నెలలు కాలు వాడకపోతే తొడ కండ కరిగి సన్నబడుతుంది. జబ్బు తగ్గాక కూడా మెట్లు ఎక్కలేకపోవడం అందువల్లనే. నొప్పి దిగిన తర్వాత డాక్టరు చెప్పిన కసరత్తు చేయడం మందు మింగడం వంటిదే.

ఇక్కడ కొన్ని తేడాలు తెలిసి ఉండాలి. ఒకటి రెండు రోజులలోనే కీలు ఎర్రగా ఉబ్బి, ముట్టుకోనివ్వకుండా, గట్టి జ్వరంతో వస్తే అది చాలావరకు స్టాఫిలోకాకస్ అనే మామూలు చీము క్రిమి పని. కండరాలలో చీముగడ్డలు కట్టించేది కూడా ఎక్కువగా అదే. అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, కీలు లోపలి మృదులాస్థి కొద్దిరోజులలోనే తినివేయబడుతుంది. తడి నేలలో, బురద నీళ్ళలో ఉండే, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే మరో క్రిమి షుగరు ఉన్నవారికి కీళ్ళలో, కండరాలలో చీము పట్టించగలదు. సోమశిల నీళ్ళ కింద వరి నాటే సభ్యులలో షుగరు ఉన్నవారు కాళ్ళకు పుండ్లు ఉంటే బురదలో దిగకపోవడం మంచిది. ఈసుడు క్రిమి నడక నిదానం. నడుమునొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి పట్టుతప్పినా, ఒంటికి రెంటికి తెలియకుండా పోయినా మాత్రం నిదానం అనుకోవద్దు. అది వెన్నుపాము మీద ఒత్తిడి. ఆ పూటే బయలుదేరాలి.

డాక్టరుకు చెప్పవలసిన ఒక్క మాట

మన దేశంలో వెన్నుపూసకు క్రిమి పట్టి, సోయాస్ కండరంలో చీము చేరిందంటే డాక్టరుకు మొదట తోచేది క్షయ. అది న్యాయమే, మనకు క్షయ ఎక్కువ. కానీ చిక్కు ఏమిటంటే క్షయకు వాడే మందులలో రిఫాంపిసిన్ ఈ జబ్బు మీద కూడా పనిచేస్తుంది. క్షయ అనుకుని మందులు మొదలుపెట్టిన బ్రూసెల్లా రోగికి కొంత తగ్గినట్టే కనిపించవచ్చు. తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది. రోగి, డాక్టరు ఇద్దరూ తికమకపడతారు.

ఈ తికమక విడదీయడానికి మీ చేతిలో ఒక సాధనం ఉంది. నెల్లూరు పోయినా, తిరుపతి పోయినా, వెల్లూరు పోయినా, డాక్టరు అడిగినా అడగకపోయినా ఈ మాట చెప్పండి: "డాక్టరుగారూ, మాకు గొడ్లున్నాయి. ఫలానా నెలలో మా బర్రె ఈసుకుపోయింది. మాయ నేనే చేత్తో తీశాను." జీవాలు మేపే సభ్యులైతే, "మందలో గొర్రెలు ఈసుకుపోయినాయి, పచ్చిపాలు తాగే అలవాటుంది" అని చెప్పండి. చెప్పడానికి సిగ్గు పడవలసింది ఏమీ లేదు. ఆ మాట వింటే డాక్టరు రక్తానికి బ్రూసెల్లా పరీక్ష రాస్తారు. రక్తంలో క్రిమిని పెంచి చూసే పరీక్ష అయితే ల్యాబువారికి ముందుగా తెలియాలి. ఈ క్రిమి మెల్లగా పెరుగుతుంది, పైగా జాగ్రత్త లేకపోతే ల్యాబులో పనిచేసేవారికే అంటుకుంటుంది.

మందులున్నాయి, పాతవే, ఖరీదైనవి కావు. డాక్సీసైక్లిన్‌కు తోడు రిఫాంపిసిన్ గానీ, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజక్షను గానీ వాడతారు. ఎప్పుడూ రెండు మందులు కలిపే. ఒక్కదానితో సరిపెడితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తేలిక జబ్బుకు 6 వారాలు, వెన్నుపూసకు పట్టినా కండరంలో చీము ఉన్నా కనీసం 3 నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. గర్భిణులకు, చిన్నపిల్లలకు మందులు వేరు. జ్వరం మొదటి వారం పది రోజులలోనే దిగిపోతుంది. మనవాళ్ళు మందు ఆపేది కూడా అప్పుడే! పాడిపని వదిలి మాటిమాటికి పట్నం పోలేమన్నది నిజమే. కనుక మొదటిసారే మొత్తం మందులు ఎన్నాళ్ళు వాడాలో రాయించుకుని, అవి దగ్గరలో ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి.

పాలవాళ్ళు తెలుసుకోవలసిన పాత కథ

మధ్యధరా సముద్రంలో మాల్టా అని చిన్న దీవి. అక్కడి ఇంగ్లీషు సైనికులు ఈ జ్వరంతో నెలల తరబడి మంచాన పడేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు, చనిపోయిన సైనికుల ప్లీహంలో ఈ క్రిమిని కనిపెట్టాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది. అయితే అది ఎక్కడినుంచి వస్తున్నదో చాలా ఏళ్ళు ఎవరికీ అంతుబట్టలేదు. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిట్ అనే ఆ దీవి డాక్టరు మేకల రక్తం పరీక్షించాడు. చూడటానికి నిగనిగలాడుతూ ఉన్న మేకల రక్తంలో జబ్బు ఆనవాళ్ళు దొరికాయి. 1906లో సైన్యానికి మేకపాలు ఆపివేయగానే జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన క్రిమిని 1897లో డెన్మార్కు పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ వేరుగా కనిపెట్టి ఉన్నాడు. ఈ రెండూ దగ్గరి చుట్టాలని అప్పటికి ఎవరూ అనుకోలేదు.

ఆ ముడి విప్పినది ఒక పాల పరీక్షకురాలు. అమెరికా వ్యవసాయశాఖ పాడి విభాగంలో పనిచేసిన ఆలిస్ ఎవాన్స్ 1918లో ఆవు క్రిమి, మేక క్రిమి ఒక్క కుదురువేనని, పచ్చి ఆవుపాలు తాగినవారికి కూడా ప్రమాదమని ప్రకటించింది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మలేదు. పాల వ్యాపారులు సరే సరి. 1922లో ఆ పరిశోధనలోనే ఆమెకు జబ్బు అంటుకుంది. ఇరవై ఏళ్ళకు పైగా అది వస్తూ పోతూ బాధించింది. మొదట్లో డాక్టర్లు నరాల బలహీనత అని తేల్చేశారు! తర్వాత కాలంలో ఆమె మాటే నిలిచింది, పాలు పాశ్చరీకరణ చేయడం రివాజు అయింది. మన కేంద్రంలో నుంచి పోయిన పాలను 63 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీలలో 15 సెకండ్లు ఉంచడం ఊరకే పుట్టిన పద్ధతి కాదు. ఆ వేడికి ఈ క్రిమి బతకదు. ఇంట్లో పొంగు వచ్చేదాకా కాచినా బతకదు.

చావడిలో జరిగేది

మన ప్రాంతంలో పాలు కాచే తాగుతాము. కనుక మనకు పాల దారి కంటే చేతి దారి పెద్దది. జబ్బు పట్టిన ఆవు గానీ గేదె గానీ చూడి కట్టి ఐదారు నెలలు దాటాక ఈసుకుపోతుంది. గొర్రె, మేక చివరి రెండు నెలలలో ఈసుకుపోతాయి. ఆ పిండంలో, మాయలో, ఉమ్మనీటిలో, తర్వాత కారే మైలలో క్రిములు కోట్లకొద్దీ ఉంటాయి. మాయ పడదు. ఇంటాయన మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతాడు. చేతి మీద కంపముల్లు గీరిన గాయం ఒక్కటి చాలు. తుంపర కంట్లో పడినా చాలు. ప్రాణం ఉందేమోనని దూడ ముక్కులో నోరు పెట్టి ఊదేవారు ఉన్నారు. అది మరీ చెడ్డది. పిండాన్ని పెంటదిబ్బ మీద పారేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. మాయను గడ్డిలో చుట్టి చెట్టుకు వేలాడగట్టే ఆచారం కూడా కొన్నిచోట్ల ఉంది. ఎండ పడితే క్రిమి త్వరగా చస్తుంది గానీ నీడలో, చెమ్మలో నెలల తరబడి బతుకుతుంది.

ఈసుకుపోయిన ప్రతి గొడ్డుకూ ఇదే జబ్బు అనలేము. దెబ్బ తగిలినా, మేత విషమైనా, వేరే క్రిములు చేరినా ఈసుకుపోతుంది. కానీ చావడిలో చూసి ఇది ఏదో చెప్పగలిగినవారు లేరు, రక్తపరీక్ష చేయాలి. పరీక్ష అయ్యేదాకా ఇదే అనుకుని మెలగడం క్షేమం.

మరొక సంగతి మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. జబ్బు పట్టిన గొడ్డు సాధారణంగా ఒక్కసారే ఈసుకుపోతుంది. రెండో ఈతకు నిండుగా ఈనుతుంది. జబ్బు పోయిందని సంతోషిస్తాము. పోలేదు. ఈనిన ప్రతిసారీ మైలలో, తర్వాత పాలలో క్రిములను విడుస్తూనే ఉంటుంది. పైకి ఏ లోపమూ కనపడదు. కొన్ని పాత రోగపు గొడ్లకు ముందు మోకాళ్ళ మీద నీటితిత్తి లాంటి వాపు తేలుతుంది. అది కూడా ఒక గుర్తే. దాన్ని కోసి నీరు తీయవద్దు, ఆ నీటిలోనూ క్రిములుంటాయి. పశువుకు ఈ జబ్బు నయం చేసే ఆచరణలో ఉన్న మందు లేదు.

మెట్టలో ఒకే ఇంట్లో రెండు గేదెలు, ముప్పై నలభై జీవాలు ఉండటం మామూలు. మన నెల్లూరు గొర్రెకు దేశమంతా పేరు. కానీ మనిషికి అన్నిటికంటే గట్టిగా పట్టే రకం గొర్రెలు, మేకల క్రిమే. జీవాలు, గొడ్లు ఒక్క కొట్టంలో ఉంటే అది గొడ్లకూ పాకుతుంది. కోతలైన మాగాణి పొలాల్లో మంద కట్టడానికి పోయినప్పుడు ఊరూరి జీవాలు కలుస్తాయి. అక్కడ ఈసుకుపోయిన గొర్రెను ఆరుబయట వదిలేసి రావద్దు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. చేతికి రబ్బరు తొడుగు వేసుకోండి. లేకపోతే చిరుగులేని ప్లాస్టిక్ సంచి మోచేతి దాకా కట్టుకోండి. ముక్కుకు, నోటికి గుడ్డ. మాయ పడకపోతే మీరు లాగక పశువైద్యునికి కబురు పెట్టండి, 1962 నంబరుకు ఫోను చేసినా సరే. పిండాన్ని, మాయను, తడిసిన గడ్డిని కుక్కలు తవ్వలేనంత లోతు గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. నేల మీద సున్నమో బ్లీచింగు పొడో వేయండి. మైల ఆగేదాకా గొడ్డును విడిగా కట్టి, మిగతావాటి పని అయ్యాకే దాని దగ్గరికి పోవాలి, ఆ పాలు కేంద్రానికి తేవద్దు. గర్భిణి స్త్రీలను ఈ పనికి దూరంగా ఉంచండి. మనుషులలో కూడా ఈ జబ్బు గర్భం పోగొట్టగలదు. మన ఇళ్ళలో చావడి పని అంతా ఆడవాళ్ళ మీదనే ఉంటుంది కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాము.

దాచిపెట్టడం గురించి

ఇప్పుడు కొంచెం కటువైన మాట. గొడ్డు ఈసుకుపోయిందని సంఘంలో తెలిస్తే పాలు తిప్పి పంపుతారని, ఊళ్ళో పేరు పోతుందని కొందరు దాస్తారు. మరికొందరు నెల తిరగకుండా సంతకు తోలి, ఏమీ ఎరగనివానికి అమ్మేస్తారు. అమ్మవద్దని చెప్పడం మాకు సులభం. లక్షకు దగ్గర పడ్డ ధర పెట్టి, అప్పు మీద తెచ్చిన గేదెను ఏం చేసుకోవాలో చెప్పడం కష్టం. నయంకాని గొడ్డును రైతు సొంత ఖర్చుతో ఏళ్ళ తరబడి విడిగా సాకాలనడం న్యాయం కాదని మా అభిప్రాయం. దీనికి నష్టపరిహారం విషయం పెద్దల స్థాయిలో తేలవలసి ఉంది. కానీ అమ్మిన గొడ్డు ఎక్కడికి పోతుంది? పక్క సంఘం సభ్యుని చావడిలోకే గదా. అతని కొడుకు నడుము పట్టుకుని కూర్చుంటాడు.

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఇటువంటి జబ్బు అనుమానం ఉంటే యజమాని తెలియజేయవలసి ఉంది. చట్టం మాట అలా ఉంచి, సంఘ కార్యదర్శులకు మా మనవి: చెప్పుకున్న సభ్యుణ్ణి వెలివేసినట్టు చూడకండి. మీరు అలా చూస్తే రెండోవాడు చెప్పడు. ఆవుపాలకు వలయ పరీక్ష అని ఒకటి ఉంది. పాలలో రంగుమందు చుక్క కలిపి కొంతసేపు వెచ్చగా ఉంచితే, జబ్బు ఆనవాలు ఉన్నప్పుడు పైన తేలే మీగడ చుట్టూ రంగు వలయం కడుతుంది. క్యాను పాలను బట్టి ఊళ్ళో జబ్బు ఉందా అని ఒక చూపు చూడవచ్చు. అనుమానం వస్తే ఇంటింటి గొడ్లకు రక్తపరీక్ష. గొర్రెపాలకు, మేకపాలకు ఈ పరీక్ష పనికిరాదు.

టీకా సంగతి చెప్పి ముగిస్తాము. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు ఈ జబ్బు కూడా ఉంది. 4 నుంచి 8 నెలల వయసు పెయ్యదూడలకు, ఆవు దూడైనా గేదె దూడైనా, జన్మకు ఒక్కసారి ఎస్-19 టీకా వేస్తారు. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాదులో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ ఈ టీకా తయారుచేస్తుంది. పాలవాళ్ళ సొమ్ముతో, పాలవాళ్ళ కోసం పెట్టిన సంస్థ అని చెప్పుకోవచ్చు. కోడెదూడలకు, చూడి పశువులకు ఇది వేయరు. ఇప్పటికే జబ్బు ఉన్న పశువుకు వేసినా నయం కాదు. 8 నెలలు దాటితే అవకాశం పోయినట్టే కనుక, దూడ పుట్టిన నెల గోడ మీద రాసి పెట్టుకోండి. టీకాలో ఉన్నది బతికి ఉన్న క్రిమి. వేసేటప్పుడు దూడను గట్టిగా పట్టుకోండి. సూది మన చేతిలో గుచ్చుకుంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

సభ్యులు అడిగినవి

పెరుగు, మజ్జిగ తినవచ్చునా అని అడిగారు. కాచిన పాలు తోడుపెట్టినవైతే నిశ్చింతగా తినండి. పచ్చిపాలు తోడుకున్నంత మాత్రాన క్రిమి తప్పక చస్తుందని నమ్మవద్దు. జున్ను బాగా ఉడికించి తింటాము కనుక పరవాలేదు. పొదుగు దగ్గర నోరుపెట్టి తాగడం, పిల్లలకు బలమని పచ్చి మేకపాలు పట్టడం మానాలి.

ఇంట్లో ఒకరికి వస్తే మరొకరికి అంటుకుంటుందా? మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు. కంచం, మంచం వేరు చేయవలసిన పని లేదు. కానీ అందరూ అదే చావడిలో పనిచేసినవారు, అవే పాలు తాగినవారు గనుక ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం, కీళ్ళనొప్పులు ఉంటే వారికీ రక్తపరీక్ష చేయించండి.

ఏ బాధా లేనివారు కూడా పరీక్ష చేయించుకోవాలా? అక్కరలేదు. ఈసుకుపోయిన గొడ్డును ఒట్టి చేత్తో ముట్టుకున్నవారు ఆ తేదీ కాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆరు నెలల లోపల పది రోజులకు మించి జ్వరం గానీ, తగ్గని నడుమునొప్పి గానీ వస్తే ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పొండి.